సాలెపురుగు హెచ్చరిక

నలుబది యేండ్లక్రిందట నేను నల్లమల యడవి యంచున నున్న యొక పల్లెలో ఉపాధ్యాయుడనుగా ఉంటిని. ఒకనాటి ఉదయమున బడి వెనుకనున్న కట్టెలమోపును కదల్పగా, అరచేతి వెడల్పుగల సాలెపురుగొకటి వెలువడెను. పిల్లలు కేకలు వేసి చుట్టుముట్టిరి. దానికి పారిపోవుటకు త్రోవలేదు. ముందరి కాళ్ళను పైకెత్తి, కోరలు చూపుచు నిలిచెను. “మీదికి దుముకుచున్నది, కొట్టుము!” అని నేను పలికితిని. ఒక బాలుడు కర్రతో కొట్టెను. పిల్లలను కాపాడితినని నేనానాడు సంతోషించితిని.

కొన్ని యేండ్లకు ప్రకృతిశాస్త్ర గ్రంథములు చదువుట అలవడినది. దక్షిణ అమెరికా వర్షారణ్యములలోని మహాకాయములగు సాలెపురుగులను గూర్చి చదివినప్పుడు ఆ ఉదయము జ్ఞప్తికి వచ్చి, నా తప్పు నాకు తెలిసినది.

వెనిజులా, గయానా, సురినాము దేశములలోను, బ్రెజిల్ ఉత్తరభాగమునను గోలియత్ అను సాలెపురుగు కలదు. బరువులో సాలెపురుగులన్నిటిలో ఇదియే పెద్దది; 170 గ్రాముల వరకు తూగును. కాళ్ళు చాచినచో ఇంచుమించు 30 సెంటీమీటర్లు, అనగా అన్నము తిను పళ్ళెమంత యుండును. పగలు బొరియలో దాగి, రాత్రివేళ వేటాడును. మెరియన్ అను చిత్రకారిణి 1705లో ప్రకటించిన గ్రంథమున ఒక సాలెపురుగు పిట్టను తినుచున్నట్లు చిత్రించినది. అందువలన ఈ జాతికి పిట్టలను తినునదియని పేరు వచ్చినది. నిజమునకు వానపాములు, కీటకములు, కప్పలు దీని ముఖ్యాహారము.

ఇంతటి ప్రాణికిని శత్రువులు కలవు. పొడవైన ముక్కుగల కోటీ అను జంతువు బొరియలు త్రవ్వి పెద్ద సాలెపురుగులను తినును. శత్రువు సమీపించినప్పుడు సాలెపురుగు మొదటనే కరవదు. వీలైనచో బొరియలోనికి పోవును. వీలుకానిచో గరుకైన రోమములను ఒకదానితో నొకటి రాపాడించి, కొన్ని మీటర్ల దూరమునకు వినబడునట్లు బుసకొట్టును. పిమ్మట ముందరి కాళ్ళెత్తి కోరలు చూపును. అప్పటికిని శత్రువు పోకున్నచో, వెనుక కాళ్ళతో పొట్టమీది నూగును రాచి గాలిలోనికి వదలును. దూలగొండికాయ నూగు సోకినప్పటి దురద మీలో కొందరెరిగియే యుందురు. ఇదియు నట్టిదే, కంటబడినచో బాధ మరింత హెచ్చు. బేట్సు అను ఆంగ్ల ప్రకృతిశాస్త్రజ్ఞుడు అమెజాన్ ప్రాంతమున ఇట్టి సాలెపురుగు నొకదానిని చంపి, భద్రపరచునపుడు అజాగ్రత్తగా ముట్టి, మూడు దినములు బాధపడెను. ఆ సంగతి ఆయనయే 1863లో వెలువడిన తన గ్రంథమున వ్రాసెను.

నూగు రాలినచోట పొట్ట బోడియగును. మరల కుబుసము విడుచువరకు అచట నూగు రాదు. తల్లి తన గ్రుడ్లసంచికి రక్షణగా కూర్చునదియు ఈ నూగునే. కనుక దానిని ఊరక వెచ్చింపదు. కాటు కట్టకడపటి యుపాయము. ఆ విషము మనుష్యుని చంపునంతటిది కాదు.

మన దేశపు పెద్ద సాలెపురుగులకు ఈ నూగును విసరు శక్తి లేదు. గుత్తిలో మొదట దొరికి, 1899లో శాస్త్రజ్ఞులచే వర్ణింపబడిన నీలి సాలెపురుగును అట్టిదే. నేడది మిక్కిలి అరుదు. దాగుట, పరుగెత్తుట, కాళ్ళెత్తి బెదరించుట, తుదకు కరచుట, ఇవియే వాని యుపాయములు. కట్టెలచెంత ఆ ప్రాణి కాళ్ళెత్తినది మామీదికి దుముకుటకు కాదు, మమ్ము తొలగిపొమ్మనుటకు.

ఉద్యోగ విరమణానంతరము నేనా పల్లెకు పోయి, నాడు కర్ర పట్టిన వానికి ఈ సంగతి చెప్పితిని. అతడిప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. కొంతసేపు మౌనముగా నుండి, “అయ్యవారూ! అది భయపడుచున్నదని నాకు నాడే తోచినది. మీరు చెప్పితిరని కొట్టితిని” అనెను.

నాకు మాట రాలేదు. బాలలారా! తెలియని ప్రాణి కాళ్ళెత్తి నిలిచినప్పుడు దానిని ముట్టకుడు, కొట్టకుడు. రెండడుగులు వెనుకకు వేయుడు. అది కోరునదియు అంతియే.