ఖజానా కాదు బేటా, అమానత్

ఉర్దూ మీడియంలో చదివేటప్పుడు తారీఖ్ కితాబులో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. ఆసారె ఖదీమా. తెలుగు డిగ్రీలో చేరాక అదే 'పురావస్తువులు' అయింది. పురావస్తువంటే పాత సామాను. ఆసార్ అలా కాదు, అది అసర్‌కి బహువచనం. అంటే వెళ్ళిపోయినవాళ్ళ జాడలు. సామానైతే సంచిలో వేసుకుపోవచ్చు. జాడని ఎత్తుకుపోతే ఇంకేం మిగుల్తుంది?

ఈ ఫరఖ్ మన పిల్లలకి ఎవరు చెప్తారన్నది నా ఫికర్. వాళ్ళకి ఆర్కియాలజీ మ్యూజియంలో కాదు, వీడియో గేములో పరిచయమవుతోంది.

మొన్న సెలవుల్లో మా ఆపా కొడుకు వచ్చాడు, ఇంటర్ చదువుతున్నాడు. 2017లో వచ్చిన 'అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ' పెట్టుకుని కూర్చున్నాడు. పశ్చిమ కనుమల్లో, హొయసల శిథిలాల్లో, గణేశుడి దంతం కోసం వేట. హీరోయిన్ క్లోయీ సగం హిందుస్తానీ, వాళ్ళ నాన్న ఆర్కియాలజిస్ట్. ఝూట్ ఎందుకు, మజాగానే ఉంది, నేనూ చాలాసేపు చూశాను. కానీ ఆమె వెళ్ళిన చోటల్లా తుపాకులు పేలతాయి, వెయ్యేళ్ళ గోడలు కూలతాయి. అయినా ఎవరికీ బాధ లేదు, దంతం చేతికొస్తే చాలు. 1996లో మొదలైన 'టూంబ్ రైడర్' దారీ దాదాపు ఇదే.

"మామూ, మన దగ్గరా ఇలాంటివి ఉంటాయా? తవ్వితే దొరుకుతాయా?" అన్నాడు.

ఉన్నాయి బేటా, తవ్వేశారు కూడా అన్నాను.

బెజవాడ నుంచి కృష్ణ ఒడ్డునే పైకి వెళ్తే అమరావతి. రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధ స్తూపం. 1797లో కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్ళేటప్పటికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు కొత్త కట్టడాల కోసం ఆ దిబ్బ నుంచి ఇటుకలు, రాళ్ళు మోసుకుపోతున్నారు. తర్వాత రాబర్ట్‌సన్ అనే ఇంగ్లీషు అధికారి కొన్ని శిల్పాలను బందరు తెప్పించి తన పేరు మీద వెలసిన బజారుకి అలంకారంగా పెట్టించాడు. బందరులో రాబర్ట్‌సన్‌పేట ఇప్పటికీ ఉంది, ఆ పేరు వెనక ఈ కథ ఉందని ఎంతమందికి తెలుసు? 1845లో వాల్టర్ ఇలియట్ మళ్ళీ తవ్వించాడు. ఆ రాళ్ళు మద్రాసులో చాలాకాలం ఎండకీ వానకీ పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళాయి. అక్కడ ఒక బండ్ల షెడ్డులో పడి ఉంటే 1867లో జేమ్స్ ఫెర్గుసన్ కంటపడ్డాయి. 1880లో మద్రాసు గవర్నరు హుకుం మీద మిగిలిన దిబ్బంతా ఊడ్చేశారు. స్తూపం ఉన్నచోట గుంట మిగిలింది.

ఇప్పుడు ఆ శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నైలో, ఇంకా పలుచోట్ల ఉన్నాయి. భద్రంగానే ఉన్నాయి, అందంగానే ఉన్నాయి. కానీ ఏ రాయి ఏ రాయి పక్కన ఉండేది, ఏ పొరలో ఏముండేది అన్న ఇల్మ్ చాలావరకు మట్టితోపాటే పోయింది. కాస్త మిగిలిందంటే 1816లో మెకంజీ రెండోసారి వచ్చి తన మనుషులతో కొలిపించి గీయించిన బొమ్మల పుణ్యం. తర్వాత మాయమైపోయిన కొన్ని రాళ్ళు ఇవాళ ఆ కాగితాల మీదే బతికి ఉన్నాయి.

మావాడు విని, "అంటే రాయి కంటే కాగితం గొప్పదా?" అన్నాడు. రాయి ఎక్కడ దొరికిందో రాసిపెట్టిన కాగితం లేకపోతే రాయి సగం మూగదే అన్నాను.

అసలు ఆర్కియాలజిస్ట్ చేతిలో తుపాకీ ఉండదు. తాపీ ఉంటుంది, బ్రష్ ఉంటుంది, కొలత టేపు ఉంటుంది. అన్నిటికంటే ముందు సబర్ ఉంటుంది. మట్టిని పొరపొరగా తీస్తారు, పెంకు ముక్కకైనా నంబరు వేస్తారు. మన పిల్లలకి హీరో కావాలంటే గులాం యజ్దానీ సాహెబ్ ఉన్నారు. 1914లో నిజాం ప్రభుత్వం పెట్టిన పురావస్తు శాఖకి మొదటి అధిపతి. అజంతా బౌద్ధ చిత్రాల రక్షణ ఆయన చూసుకున్నారు, వాటిమీద పెద్ద సంపుటాలు తెచ్చారు. తన మజహబ్ వాళ్ళవి కావు కదా అని ఆయన అనుకోలేదు. ముందువాళ్ళు వదిలివెళ్ళింది ఎవరిదైనా మన దగ్గర అమానత్.

గేములన్నీ ఖరాబ్ అని నేననను. 'అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్'కి 2018లో డిస్కవరీ టూర్ అని ఒక భాగం చేర్చారు. కొట్లాట లేదు, పాత మిస్ర్‌లో నడుచుకుంటూ చూడడం, వినడం, అంతే. అమరావతి స్తూపాన్ని అలా ఎవరైనా తెరమీద లేపితే మొదట ఆడేది నేనే.

గేములో కూలిన గోడ మళ్ళీ మొదలెడితే లేచి నిలబడుతుంది. బయట లేవదు. గుప్తనిధుల వార్తలు నేను రాసినవే లెక్కలేనన్ని. పాత కోట, పాడుబడ్డ గుడి, ఊరిచివర దర్గా, దేన్నీ వదలరు. అర్ధరాత్రి తవ్వుతారు, పొద్దున పగిలిన రాళ్ళు మిగుల్తాయి. నేను రాసిన ఒక్క వార్తలోనూ ఖజానా దొరకలేదు.

అందుకే ఒక గుజారిష్. పిల్లల్ని ఒక ఆదివారం బందరు రోడ్డులో బాపు మ్యూజియానికి, ఇంకో ఆదివారం అమరావతికి తీసుకెళ్ళండి. ఇంటి పునాది తీసేటప్పుడో, ఖబ్రస్తాన్ బాగుచేసేటప్పుడో రాత ఉన్న రాయి, పాత నాణేలు బయటపడితే కడగొద్దు, కదపొద్దు. ఉన్నచోటే ఫోటో తీసి అధికారులకి చెప్పండి. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలపాలని 1878 నాటి చట్టం చెప్తోంది. దొరికినవాడి హక్కు సంగతీ అందులోనే ఉంది, భయపడాల్సిన పని లేదు.