రోడ్డెక్కిన వాన!

కర్నూలు దాటి బెంగళూరు వైపు సాగే 44వ నెంబరు జాతీయ రహదారి మీద గుత్తి కొండ కనిపించిందంటే అనంతపురం సీమలో అడుగుపెట్టినట్లే. ఉమ్మడి జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. చినుకు కోసం నేలంతా నోరు తెరుచుకుని చూసే ఈ సీమలో ఒక్కచోట మాత్రం నీటిబొట్టు ఇంకదు. అదే... తారు రోడ్డు!

చిన్న లెక్క వేసి చూడండి. రోడ్డు వెడల్పు 20 మీటర్లు అనుకుందాం. 10 మిల్లీమీటర్ల వాన పడితే కిలోమీటరు రోడ్డు మీద దాదాపు 2 లక్షల లీటర్ల నీరు పారుతుంది. టైర్ల పొడినీ, ఆయిల్ మరకల్నీ వెంటేసుకుని, అంచున ఉన్న మట్టిని కోసుకుంటూ కల్వర్టు దూరి వంకలో పడుతుంది. కాసేపటికి రోడ్డు ఆరిపోతుంది. పక్క చేలో బోరు మాత్రం ఎప్పట్లాగే నీళ్లకోసం ఎదురుచూస్తుంటుంది.

ఈ నీటికి కళ్లెం వేయడం పెద్ద విద్యేం కాదు. రోడ్డు పక్కన లోతు తక్కువగా, వెడల్పుగా ఓ కాలువ. అందులో గరిక. అక్కడక్కడా చిన్న రాతి అడ్డుకట్టలు. గడ్డి నీటి పరుగుకు పగ్గం వేస్తుంది, మట్టినీ మురికినీ చాలావరకు పట్టి ఉంచుతుంది. తేరుకున్న నీరు ఇంకుడు గుంతకు చేరుతుంది.

అయితే అన్నిచోట్లా ఒకే మంత్రం పారదు. గుత్తి, పామిడి వైపు నల్లరేగడి ఎక్కువ. తడిస్తే ఉబ్బి, ఎండితే పగిలే ఆ నేలలో రోడ్డు పక్కనే నీరు నిలిస్తే రోడ్డుకే ముప్పు. అందుకే గడ్డి కాలువలో నెమ్మదిగా నడిపించి, దూరంగా ఉన్న కుంటకు చేర్చాలి. పామిడి దగ్గర పెన్న దాటి, అనంతపురం మీదుగా రాప్తాడు, చెన్నేకొత్తపల్లి వైపు వెళ్తే ఎర్రనేలలు. వాన దెబ్బకు పైపొర గట్టిపడుతుంది కానీ, గడ్డి వేళ్లు గుల్ల చేస్తే నీరు ఇంకుతుంది. ఏ నేలలోనైనా ఒక జాగ్రత్త తప్పదు. రోడ్డు నీటిని నేరుగా బోరుబావిలోకి వదలకూడదు. ఆ మురికి తాగే నీళ్లలో కలుస్తుంది.

దారి పొడవునా పచ్చదనం పెంచాలని 2015లో కేంద్రం హరిత రహదారుల విధానం తెచ్చింది. డివైడర్ల మీద గన్నేరు పూలు కంటికి ఇంపే. వాటికి ట్యాంకరుతో నీళ్లు పోస్తూ, పక్కనే వాననీటిని సాగనంపడం కరువు సీమకు తగునా? పైగా ఇక్కడ కరువుతోపాటు వరదా ఉంది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలు మునిగాయి. పరుగెత్తే ప్రతి చుక్కా వరదకు తోడే.

పారే నీటిని నిలబెట్టడం ఈ సీమకు కొత్త కాదు. విజయనగర కాలం నాటి బుక్కరాయసముద్రం చెరువు అనంతపురం పక్కనే ఉంది. ఆనాటి పెద్దలు వంకను ఆపారు. ఇప్పుడు ఆపాల్సింది రోడ్డెక్కిన వానను. దాన్ని మళ్లీ నేలకు దించితే చాలు!