మందకు తాపే మందు, కుక్కకు వేసే మాత్ర

కడప నుంచి ఎర్రగుంట్ల పోయే దారిలో కమలాపురం. పాపాఘ్ని పెన్నలో కలిసేది ఈ చుట్టుపక్కలే. దర్గా ఉరుసుకు జిల్లా నలుమూలల నుంచీ జనం వస్తారు. నేను పోయింది ఉరుసుకు కాదు, కుక్కల కోసం. ఏటా జులై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో ఆ రోజునే లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లాడికి తొలి టీకా వేయించాడు. ఆ టీకా గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు కావలసింది టీకా అయ్యాక డాక్టరు చీటీ మీద రాసే రెండో వరుస, అంటే నోట్లో వేసే మందు. ఆ వరుసను పట్టించుకోకపోతే ఏమవుతుందో గొర్రెలు తిరిగే సీమలో చూస్తే బాగా తెలుస్తుంది.

వేపచెట్టు కింద గొలుసులతో, తాళ్ళతో జనం. ఒకాయన పైపంచె మెడకు కట్టి ఊరకుక్కను తెచ్చాడు. ఒకరి కుక్క ఇంకొకరి కుక్కను చూసి మొరుగుతుంటే, కాన్పు కోసం తెచ్చి పక్కన కట్టేసిన గేదె బెదిరి కట్టుకొయ్య పీకేలా ఉంది. డాక్టరమ్మ ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో చదువుకున్న అమ్మాయి. ఏ కుక్క వచ్చినా ఆమె ముందు అడిగేది పేరు కాదు, వయసు కాదు, "బరువెంత?" అని. తెలీదంటే యజమాని కుక్కను ఎత్తుకుని కాటా మీద ఒకసారి, దించి ఒకసారి నిలబడాల్సిందే. మాత్ర లెక్కంతా బరువు మీదే. అందాజాగా వేస్తే తక్కువైనప్పుడు పురుగు చావదు, ఎక్కువైతే కుక్కకు ముప్పు.

లాబ్రడార్‌ను తెచ్చిన కుర్రాడు సెల్‌ఫోనులో ఫొటో చూపించాడు. కుక్క పడుకునే గోనెపట్టా మీద దోస గింజల్లాంటి తెల్లటివి, ఎండిపోయి. "నెలకో మాత్ర పెడతన్నా మేడమ్, కడప నుంచి తెప్పిచ్చి. పిడుదు ఒగటి గూడా ల్యా. మళ్ళా ఇవేంది?"

అతను పెడుతున్నది కుక్క బొచ్చులో ఉండే ఈగలకూ పిడుదులకూ పనిచేసే మాత్ర. అఫాక్సొలానర్, ఫ్లూరలానర్ అనే మందులు 2013, 2014 నాటి నుంచి వాడకంలోకి వచ్చాయి. మొదటిది నెలకోసారి, రెండోది పన్నెండు వారాలకోసారి. ఒంటికి పూసే మందైతే కుక్క నాకుతుంది, వానకో స్నానానికో పోతుంది. ఇది కడుపులోకి పోయి రక్తంలో చేరుతుంది. కుట్టిన ఈగ, పట్టిన పిడుదు ఆ రక్తం తాగి నరాలు పట్టు తప్పి చస్తాయి. మన వేడికి పిడుదుల బెడద ఏడాది పొడుగునా ఉంటుంది, వాటితో వచ్చే జ్వరాలు కుక్కలను చంపుతాయి కూడా. కాబట్టి ఆ మాత్రకు పెట్టిన డబ్బు దండగ కాదు. మూర్ఛ వచ్చే కుక్కలకు మాత్రం ఇవి ఇచ్చేముందు ఆలోచించాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. డాక్టరమ్మ కూడా అందరినీ అడుగుతోంది: "ఎప్పుడన్నా కొట్టుకుని పడిపోయిందా?"

ఆ గింజలు మాత్రం బద్దెపురుగు ముక్కలు. ఈ పురుగు కుక్కలోకి వచ్చేదే ఈగ ద్వారా. పురుగు గుడ్లను ఈగ పిల్లదశలో తింటుంది. పెరిగిన ఈగ కుక్కను కుడుతుంది, కుక్క దురదకు పళ్ళతో గీరుకుంటూ దాన్ని మింగుతుంది. కుర్రాడు మాత్ర మొదలుపెట్టకముందు కుక్క మింగిన ఈగ పని కావచ్చు ఇది. ఈగను చంపే మందు పేగులోని పురుగును తాకదు. దానికి ప్రాజిక్వాంటెల్ వేయాలి. ప్రాజిక్వాంటెల్ ఒక్కటే వేసి ఈగలను వదిలేసినా కొన్ని వారాల్లో కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఒక ఆడ ఈగ రోజుకు నలభై, యాభై గుడ్లు పెడుతుంది. అవి కుక్క ఒంటి మీద నిలవవు, పట్టాల్లో, గచ్చు సందుల్లో, మంచం కింద రాలిపోతాయి. మనకు కుక్క మీద కనిపించేది ఆ సంతలో ఇరవయ్యో వంతు. అంగట్లో 'అన్నిటికీ ఒకే మాత్ర' అని అమ్మే వాటిలో కూడా చాలావాటికి బద్దెపురుగు మందు కలపరు. డబ్బా మీద ఉన్న కుక్క బొమ్మను కాదు, కింద సన్నటి అక్షరాలను చదవాలి.

గుండె పురుగు సంగతి నేనే అడిగాను. దోమకాటుతో వచ్చే పురుగు అది. పిల్లపురుగు చర్మం కింద నుంచి బయల్దేరి, ఆరేడు నెలలకు ఊపిరితిత్తుల నాళాల్లో, గుండెలో జానెడు దాటి పెరుగుతుంది. మన దేశంలో దాని జోరు ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువ. దక్షిణాదిన చర్మం కిందనే ఉండిపోయే దాని చుట్టం ఎక్కువగా కనిపిస్తుంది. గుండె పురుగు మందు చరిత్రలో మనవాడొకడు ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపిస్తున్నప్పుడు, 1947లో ఆయన బృందం డైఇథైల్‌కార్బమజిన్‌ను బయటపెట్టింది. బోదకాలు నివారణకు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే మాత్ర అదే. ఆ మందును మొదట్లో పరీక్షించిన జంతువుల్లో గుండె పురుగు ఉన్న కుక్కలు కూడా ఉన్నాయి. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు అమెరికా కుక్కలకు గుండె పురుగు రాకుండా రోజూ వేసింది దాన్నే. ఒక్క రోజు మరిచినా రక్షణ సడలేది. 1987లో ఐవర్‌మెక్టిన్ నెల మాత్ర వచ్చాక ఆ రోజువారీ యాతన పోయింది. ఐవర్‌మెక్టిన్‌కు మూలం కనిపెట్టిన విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురాలకు 2015లో నోబెల్ కూడా వచ్చింది.

నెల మాత్ర దోమను ఆపదు. గడిచిన నెలలో దోమ వదిలిన పిల్లపురుగులను పెరగకముందే తుడిచేస్తుంది, అంతే. దానికి కావలసిన మోతాదు కిలో బరువుకు ఆరు మైక్రోగ్రాములు. గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ సూది మందును కుక్క నోట్లో నాలుగు చుక్కలు పోస్తే సరిపోతుందనుకునేవాళ్ళు ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి. ఆ నాలుగు చుక్కల్లో ఎన్ని రెట్లు ఎక్కువ పోతుందో కంటికి ఆనదు. కోలీ లాంటి కొన్ని జాతుల కుక్కలకు ఆ మందు మెదడులోకి ఎక్కేస్తుంది. తూలి, చొల్లు కార్చి, లేవలేక పడిపోతాయి.

మధ్యాహ్నానికి ఆసుపత్రి ఖాళీ అయింది. డాక్టరమ్మ మోటారు సైకిలు తీసింది. ఏటి వైపు బీడు చేలల్లో మంద కట్టి ఉందని కబురు. శనగ వేసే నల్లరేగడి పొలాలు అక్టోబరు దాకా ఖాళీగానే ఉంటాయి కాబట్టి, ఎరువు కోసం రైతులు రాత్రిళ్ళు మంద కట్టించుకుంటారు. మేము పోయేసరికి గొర్రెలు తుమ్మచెట్ల నీడన తలలు దించుకుని గుంపుగా నిలబడి ఉన్నాయి. రెండు కుక్కలు ఎదురొచ్చి మొరిగాయి. పెద్దాయన ఒక్క కేక వేస్తే వెనక్కు తగ్గాయి.

"గొర్రెలకు మందు తాపినాం గదమ్మా, మొన్ననే," అన్నాడు, ఎందుకొచ్చారన్నట్టు.

"కుక్కలకో, తాతా?"

"కుక్కకు నట్టల మందా? అది యాడన్నా తిని బతికేది గదమ్మా!"

ఆ 'యాడన్నా' ఎక్కడో మంద అంచుకు పోతే కనబడింది. ఒక ఏడాది పొట్టేలు మందను విడిచి ఎడమవైపుకే తిరుగుతోంది. ఆగుతుంది, తల ఒక పక్కకు వాల్చుతుంది, మళ్ళీ అదే చుట్టు. డాక్టరమ్మ దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పుర్రె మీద బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుకుంటూ పోయింది. ఒకచోట ఆగి, నా వేలు పట్టి అక్కడ పెట్టింది. ఎముక ఉండవలసిన చోట లొత్తగా తగిలింది. లోపల నీటితిత్తి పెరుగుతూ పుర్రెను లోపలి నుంచే అరగదీస్తోంది. తిరుగుడు రోగం అంటారు దీన్ని. ఆ తిత్తి లోపలి గోడకు పదులు, వందలుగా బద్దెపురుగు తలకాయలు అంటుకుని ఉంటాయి. లొత్త దొరికింది కాబట్టి పుర్రె తెరిచి తిత్తి తీయొచ్చు, ప్రొద్దుటూరు తీసుకుపోతారా అని ఆమె అడిగింది.

"యాడ తీసకపోతామమ్మా. కోసేస్తాం."

"కోసినాక తల?"

పెద్దాయన మాట్లాడలేదు. పక్కనున్న మనవడు కుక్కల వైపు చూశాడు. "రోగం తల మేము తినం మేడమ్. వాటికే ఏస్తాం."

రోగమంతా ఆ ఒక్క మాటలో ఉంది. కుక్క ఆ మెదడు తింటే తిత్తిలోని తలకాయలు దాని పేగులో బద్దెపురుగులై పెరుగుతాయి. గుడ్లున్న ముక్కలు దాని పెంటతో బీట్లో పడతాయి. గొర్రె గడ్డితో పాటు వాటిని మేస్తుంది. కొన్ని నెలలకు ఇంకో పొట్టేలు చుట్లు మొదలెడుతుంది. గొర్రెలకు ఎన్నిసార్లు మందు తాపినా, మంద వెంట నడిచే రెండు పేగులను వదిలేస్తే బీడు శుభ్రపడదు.

ఇంతకంటే చెడ్డది ఇంకొకటి ఉంది, అర సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉండే ఎకైనోకాకస్. అది కుక్క పేగులో వేలల్లో ఉన్నా కుక్క హాయిగా తోక ఊపుతూనే ఉంటుంది. గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలుగా పెరిగేది దీని పిల్లదశ. కోసేటప్పుడు బుడగలున్న కార్జాన్ని కుక్కలకు విసిరేయడం మన మటన్ అంగళ్ళ దగ్గర రోజూ చూసేదే. గుడ్లు కుక్క బొచ్చుకూ, మూతికీ అంటుకుని పిల్లల చేతుల్లోకి వస్తాయి. మనిషి కార్జంలోనూ అదే బుడగ ఏళ్ళ తరబడి పెరిగి ఆపరేషన్ దాకా తెస్తుంది. తిన్న పురుగు గుడ్లు పెట్టే దశకు రావడానికి ఆరు వారాలకు పైగా పడుతుంది. మంద కుక్కలకు ఆరు వారాలకోసారి ప్రాజిక్వాంటెల్ వేయాలనే లెక్క అక్కడి నుంచి వచ్చింది.

పెద్దాయన నడుముకున్న సంచి తీసి వక్కాకు వేసుకున్నాడు. ఆ వక్కలోనే ఉంది పాతకాలపు కుక్క మందు. వక్క నుంచి తీసే అరెకోలిన్‌తో న్యూజిలాండులో గొర్రెల కాపరుల కుక్కలన్నిటికీ, 1959లో ప్రత్యేక చట్టం చేసి మరీ, కడుపు కడిగించారు. మందు వేసిన అరగంటలో విరేచనమై పురుగులు బయటపడేవి. తర్వాత ప్రాజిక్వాంటెల్ వచ్చింది. కార్జం కుక్కలకు వేయడాన్ని కూడా అడ్డుకున్నారు. 2002 నాటికి ఆ దేశం నీటి బుడగల రోగం లేనట్టేనని ప్రకటించుకోగలిగింది. (ఇది చదివి ఎవరూ కుక్కకు వక్క పెట్టకండి. మోతాదు తప్పితే అది విషమే.)

డాక్టరమ్మ సంచి నుంచి మాత్రలు తీసింది. ఒక్కోదాంట్లో ప్రాజిక్వాంటెల్ 50, పైరాంటెల్ 144, ఫెబాంటెల్ 150 మిల్లీగ్రాములు. బద్దెపురుగులకు మొదటిది, ఏలికపాములకూ కొంకిపురుగులకూ మిగతా రెండూ. పది కిలోలకు ఒకటి. మళ్ళీ బరువు ప్రశ్న. మనవడు గోనెసంచిలో కుక్కను కూర్చోబెట్టి, పొట్టేళ్ళు తూచే స్ప్రింగు కాటాకు తగిలించాడు. కుక్క ఎంత ఆశ్చర్యపోయిందంటే మొరగడం కూడా మరిచిపోయింది. పద్దెనిమిది కిలోలు. రెండు మాత్రలు.

పొద్దున మిగిలిన సంగటి ముద్దలో మాత్రలు పెట్టి విసిరాడు. కుక్క ముద్ద మింగి, మాత్రలను నీటుగా పక్కకు ఉమ్మేసింది. అందరం నవ్వాం. డాక్టరమ్మ దాని పైదవడను ఎడమచేత్తో పట్టుకుని, కుడి చేతి వేలితో కింది దవడ దించి, మాత్రను నాలుక మొదలు దాకా తోసి, నోరు మూసి గొంతు కింద నిమిరింది. కుక్క నాలుక ముక్కు మీదికి వచ్చింది. "మింగింది. ముక్కు నాకితే మింగినట్టే," అంది. రెండో మాత్రను మనవడే మింగించాడు.

"రెండు దినాలు కట్టేయండి తాతా. పెంట గుంత తీసి పూడ్చండి. ఈ మందు పురుగును చంపుతుంది, గుడ్డును చంపదు."

తుమ్మచెట్టు మొదట్లో కుండ పొట్టలేసుకుని మూడు కుక్కపిల్లలు పడుకుని ఉన్నాయి. ఏలికపాములు తల్లి కడుపులోనే పిల్లకు ఎక్కుతాయి, కొంకిపురుగులు పాలతో వస్తాయి. అందుకే పుట్టిన రెండు వారాలకే మందు మొదలుపెట్టి, పాలు మరిచేదాకా రెండేసి వారాలకు, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి తాపాలి. వాటికి మాత్ర కాదు, ద్రవం మందు. పిల్లపురుగు మనిషి పిల్లల కంట్లోకి చేరిన సందర్భాలున్నాయి కాబట్టి, కుక్కపిల్లలతో ఆడుకునే ఇళ్ళల్లో ఇది వాయిదా వేసే పని కాదు.

లెక్క నేనే వేశాను. రెండు కుక్కలు, ఆరు వారాలకోసారి రెండేసి మాత్రలు, ఏడాదికి సుమారు ముప్పై అయిదు. పొట్టేలు ధరలో అది ఏ మూలకూ రాదు. పట్నంలో లాబ్రడార్‌కు వేసే ఖరీదైన మాత్ర గురించి కంపెనీలు ఎలాగూ చెప్పుకుంటాయి. మంద కుక్కకు కావలసిన ఈ చవక మాత్ర గురించి చెప్పేవాళ్ళే తక్కువ.

గొర్రెల కాపరులకూ, వాళ్ళ పిల్లలకు ఈ నాలుగు ముక్కలు చదివి వినిపించగల వాళ్ళకూ ఒక మాట. తిరుగుడొచ్చిన గొర్రె తల, బుడగలున్న కార్జం కుక్కలకు అందకుండా లోతుగా పూడ్చండి, లేదా కాల్చండి. మందకు నట్టల మందు కోసం ఆసుపత్రికో, రైతు సేవా కేంద్రానికో పోయినప్పుడు మీ కుక్కలెన్నో, వాటి బరువెంతో కూడా చెప్పి మాత్రలు రాయించుకోండి.