గదిలో పడే వెలుతురు

కిరాణా కొట్టులో పద్దు కూడే కాలిక్యులేటర్‌ని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? అంకెలు కనిపించే అద్దానికి పైన గోధుమరంగు మెరుపుతో ఒక నల్లటి పట్టీ ఉంటుంది. సెల్ లేకుండా వెలుతురు మీదే నడిచే రకమైతే, ఆ పట్టీని బొటనవేలితో మూసి చూడండి, అంకెలు పాలిపోతూ పాలిపోతూ మాయమవుతాయి. దానికి ఎండ అక్కర్లేదు. నెత్తిమీది ట్యూబులైటు చాలు.

జపాన్‌లో సాన్యో కంపెనీ 1980లోనే ఇలాంటి పట్టీని, అంటే అమార్ఫస్ (స్ఫటికరూపం లేని) సిలికాన్ సోలార్ సెల్‌ని, కాలిక్యులేటర్లలో పెట్టి అమ్మింది. మనం చదువుకోవడానికి వేసుకున్న దీపం గోడమీదా బీరువామీదా ఊరికే పడుతూ ఉంటుంది. అలా పడిపోయేదాన్ని పోగుచేసి పని చేయించవచ్చన్న ఆలోచన నాకు ఎంతో ఇష్టం.

అయితే ఆ వెలుతురు ఎంత కొంచెమో మన కంటికి తెలియదు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటే, దీపం వేసిన గదిలో ఉండేది కొన్ని వందలే. పైగా ఎల్ఈడీ వెలుగులో పరారుణ కిరణాలు దాదాపు ఉండవు. డాబామీది పలకల్లోని స్ఫటిక సిలికాన్ ఆ కిరణాలను కూడా వాడుకునే రకం కాబట్టి గదిలో నీరసపడుతుంది. అమార్ఫస్ సిలికాన్‌కు కంటికి కనిపించే వెలుగే సరిపడుతుంది. 1991లో ఓరెగన్, గ్రాట్జెల్ అనే శాస్త్రవేత్తలు లోకానికి చూపించిన రంగుపూత సెల్ కూడా మసక వెలుతురులో బాగానే నెగ్గుకొస్తుంది.

ఎంత చేసినా చదరపు సెంటీమీటరుకు దక్కేది కొన్ని మైక్రోవాట్లు, మహా అయితే కొన్ని పదులు. ఒక వాట్ అంటే పది లక్షల మైక్రోవాట్లు. సెల్‌ఫోన్ దీంతో బతకలేదు. గదిలో వేడిని కొలిచే సెన్సర్ మాత్రం హాయిగా బతుకుతుంది. అది దాదాపు ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. ఏ పది నిమిషాలకోసారో లేచి, కొలిచి, ఆ అంకెను రేడియో తరంగాలతో చెప్పేసి మళ్లీ పడుకుంటుంది. ఆ ఒక్క క్షణానికి కావలసిన విద్యుత్తు, చుక్క చుక్కగా కుండ నిండినట్టు, కెపాసిటర్‌లో చేరి ఉంటుంది. దీపం ఆర్పేశాక రాత్రంతా గడిచేదీ ఆ నిల్వతోనే. ఉన్నంతలో గడుపుకునే ఈ పొదుపు చూస్తేనే నాకు అన్నిటికన్నా ముచ్చటేస్తుంది.

ఇలాంటి బుల్లి పరికరాలు ఇళ్లలోకీ, ఆసుపత్రుల్లోకీ, గోదాముల్లోకీ వచ్చేస్తున్నాయి. కానీ చాలావాటిలో ఇంకా బటన్ సెల్లే ఉంటుంది. అయిపోయిన సెల్ చెత్తబుట్టలోకి పోతుంది, లేదా ఏ కిటికీ గట్టుమీదో మిగిలిపోతుంది. పసిపిల్లలు దాన్ని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. సామ్‌సంగ్ 2021లో వీపున సోలార్ పట్టీ ఉన్న టీవీ రిమోట్ తెచ్చింది, అది గదిలోని వెలుతురుతో కూడా చార్జ్ అవుతుంది. కాబట్టి గది వెలుతురుతో నడపడం వీలుకాదన్న మాట ఇక చెల్లదు. ఈసారి రిమోటో గడియారమో తలుపు సెన్సరో కొనేటప్పుడు, గది వెలుతురుతో నడిచేది ఉందా అని కొట్టువాణ్ణి తప్పకుండా అడగండి. ఇంట్లో ఉన్న బటన్ సెల్స్‌ని ఇవాళే పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.