"ఏం కాదులే" అంటే సరిపోదు

ఫైనలియర్ పిల్లలు "అన్నా, జాబ్ వస్తుందంటావా?" అని అడిగితే మనలో చాలామంది చెప్పే జవాబు ఒకటే: "ఏం కాదులే, వచ్చేస్తుంది". నా మట్టుకు నాకు ఈ మాట మీద నమ్మకం లేదు. వస్తుందని మనకెలా తెలుసు? మనకి తెలియదని వాళ్ళకీ తెలుసు. ఫోన్ పెట్టేశాక భయం అలాగే ఉంటుంది, పైగా ఇంకోసారి అడగబుద్ధి కాదు.

అసలు ఆ ఒక్క భయంలో మూడు కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీసి చూపించడమే మనం చేయగలిగిన సాయం.

మొదటిది మార్కెట్ వాటా. ఇది వాళ్ళ చేతిలో లేదు. 2001కల్లా డాట్‌కామ్ బుడగ పేలింది. 2008 సెప్టెంబరులో లేమాన్ బ్రదర్స్ కూలాక, ఆఫర్ లెటర్ ఉన్నవాళ్ళు కూడా జాయినింగ్ డేట్ కోసం నెలల తరబడి ఎదురుచూశారు. 2022-23లో మళ్ళీ అదే ఎదురుచూపు. ఆ ఏడాదుల్లో పాసైన వాళ్ళంతా తెలివితక్కువ వాళ్ళా? 2021లో చకచకా ఆఫర్లు వచ్చినవాళ్ళంతా మేధావులా? కాదు కదా! ఇక 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక "ఫ్రెషర్లు అక్కర్లేదట" అని ఇంకో గోల. దీనికి జోస్యాలు చెప్పకండి. మన పనిలో ఏం మారిందో, ఏం మారలేదో చెప్పండి. అది రాసిచ్చిన కోడ్‌లో తప్పెక్కడుందో చూసుకోవాల్సింది ఇప్పటికీ మనమే.

రెండోది వాళ్ళ సొంత వాటా. చిన్నదే, కానీ చేతిలో ఉన్నది. రెజ్యూమెలో పది టెక్నాలజీల పేర్లుంటాయి, "ఇందులో నువ్వు రాసిందేంటి?" అంటే మౌనం. ఎనిమిది కొట్టేయించి, మిగిలిన రెండింటి గురించి పది నిమిషాలు మాట్లాడించండి. "బాగా ప్రిపేరవ్వు" అన్నది సలహా కాదు. "ఆదివారంలోపు ఎస్‌క్యూఎల్ జాయిన్స్ మీద పది ప్రశ్నలు చేసి నాకు చూపించు" అన్నది సలహా.

మూడోది ఇంటి వాటా. అన్నిటికన్నా బరువైంది ఇదే. ఫీజుల కోసం చేసిన అప్పు, "ప్యాకేజీ ఎంతంట?" అనే చుట్టాలు... నాకు తెలిసిన ఒకమ్మాయి, మూడు కంపెనీలు రిజెక్ట్ చేసిన సంగతి నాలుగు నెలలు ఇంట్లో చెప్పలేదు. ఇంటర్వ్యూల కన్నా ఆ దాపరికమే తనకి నిద్ర లేకుండా చేసింది. చివరికి చెబితే వాళ్ళ నాన్న "మూడేనా? నేను గ్రూప్-2 నాలుగుసార్లు రాశానమ్మా" అన్నాడట!

ఒక్క జాగ్రత్త. తిండీ నిద్రా మానేసి "నేనెందుకూ పనికిరాను" అంటున్నారంటే అది మాక్ ఇంటర్వ్యూలతో తీరేది కాదు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలిమానస్ ఉంది: 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. నంబరిచ్చి ఊరుకోకుండా, ఫోన్ చేసేదాకా పక్కనుండండి.

ప్రొడక్షన్‌లో ఇష్యూ వస్తే మనం "ఏం కాదులే" అనుకుని పడుకోం. లాగ్స్ తెరిచి ఎక్కడ తేడా వచ్చిందో చూస్తాం. మన జూనియర్ల భయం అంతకన్నా తక్కువదా? వారానికో అరగంట చాలు. ఏమంటారు?