కోనసీమలో ఇల్లా? ముందు మెట్లు లెక్కపెట్టండి

మా కోనసీమను మీరు సినిమాల్లో చూసే ఉంటారు. కొబ్బరితోటల నడుమ కాలవ, కాలవ పక్కన మండువా లోగిలి. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కానీ నెల జీతం మీద ఇక్కడ ఇల్లు కట్టుకోవాలనుకుంటే మాత్రం చెట్లను కాదు, ఇళ్ల గుమ్మాలు ఎంత ఎత్తున ఉన్నాయో చూస్తూ తిరగాలి. ఎందుకో చెబుతాను.

మావారిది తపాలా శాఖలో ఉద్యోగం. రాజోలు, కొత్తపేట, అమలాపురం, మూడు ఊళ్లలోనూ అద్దె ఇళ్లే. "అమ్మాయి పెళ్లికైనా సొంత గుమ్మానికి తోరణం కట్టుకుందామండీ" అని నేను పోరగా పోరగా, 2022 వేసవిలో ఆయన కదిలారు. పి.గన్నవరం దగ్గర ఓ మధ్యవర్తి ఐదు సెంట్లు చూపించాడు. చవక. చుట్టూ కొబ్బరిచెట్లు, చల్లగాలి. నాకు తెగ నచ్చేసింది. బయానా ఇచ్చేద్దామనుకున్నాం.

అంతలో జూలై వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. నీరు తీశాక వెళ్లి చూస్తే మేం చూసిన స్థలంలో మోకాలి లోతు ఒండ్రు. అప్పుడు తెలిసింది, ఆ స్థలం ఏటిగట్టుకు నది వైపు ఉందని! ఆ మాట మధ్యవర్తి చెప్పలేదు, మేమూ అడగలేదు. వేసవిలో చూస్తే గట్టు కూడా మామూలు రోడ్డులాగే ఉంటుంది మరి.

ఆ తర్వాత ఆదివారాలన్నీ స్కూటరు మీదే. రాజోలు నుంచి పాశర్లపూడి మీదుగా వైనతేయ వంతెన దాటి బోడసకుర్రు, అమలాపురం. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని రెండు నెలలు మండినప్పుడు రాత్రి ఆకాశం ఎర్రగా ఉండడం నాకింకా గుర్తే. కొత్తపేట పక్కన పలివెలలో కొప్పులింగేశ్వరుడి దర్శనం చేసుకుని, పాత పెంకుటిళ్ల ముందు ఆగి మెట్లు లెక్కపెట్టేదాన్ని. ఐదు, ఆరు, ఒకచోట ఎనిమిది. పెద్దవాళ్లు అరుగులు అంత ఎత్తుగా కట్టింది దర్జా కోసమే అనుకునేదాన్ని. 1986 వరదలో నీళ్లు నాలుగో మెట్టు దాకా వచ్చాయని ఓ మామ్మగారు చెప్పాక సంగతి బోధపడింది. 1996 నవంబరు 6 తుపానుకు ఆ ఇంటి పెంకులు ఎగిరిపోయాయట, అరుగు మాత్రం చెక్కుచెదరలేదట.

చివరికి అంబాజీపేట వైపు, గట్టుకు లోపల, ఊరి మధ్య మూడు సెంట్లు కొన్నాం. ఐదు సెంట్లు అన్న చోట మూడే అయ్యాయని నాకు కొన్నాళ్లు దిగులే. స్థలానికి డబ్బు ఆయన జీపీఎఫ్ లోంచి తీశారు. 2004 జనవరి తర్వాత కేంద్ర ఉద్యోగంలో చేరినవాళ్లకు ఈ వెసులుబాటు లేదు, వాళ్లది పింఛను నిధి పద్ధతి. మన రాష్ట్రంలో అదే సంవత్సరం సెప్టెంబరు నుంచి సీపీఎస్.

ఇక కట్టడానికి ఆఫీసులో ఇచ్చే గృహనిర్మాణ అడ్వాన్సు. 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర ఉద్యోగికి 34 నెలల మూలవేతనం, గరిష్ఠంగా 25 లక్షలు ఇస్తారు. మూలవేతనం 40 వేలనుకోండి, 13 లక్షల 60 వేలు వస్తుంది. తీర్చగలిగే శక్తినీ, ఇంటి ఖర్చునూ చూసి తగ్గించనూ వచ్చు. వడ్డీ సాధారణ వడ్డీయే. ముందు 15 ఏళ్లు అసలు కడతాం, అంటే ఈ లెక్కన నెలకు ఏడున్నర వేల పైచిలుకు. వడ్డీ ఆ తర్వాత ఐదేళ్లలో. భార్యాభర్తలిద్దరూ కేంద్ర ఉద్యోగులైతే ఇద్దరూ తీసుకోవచ్చు. నాది వంటింటి ఉద్యోగం కనుక మాకు ఒక్కటే!

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఇక్కడే. ఒక్క అంతస్తు ఇంటికైతే ఆ డబ్బు సగం స్థలం తనఖా పెట్టినప్పుడు, మిగతా సగం బేస్‌మెంట్ మట్టానికి వచ్చాక ఇస్తారు. మెట్ట ప్రాంతంలో బేస్‌మెంట్ ఎంతసేపు! మా సీమలో అలా కాదు. నల్లమట్టి, నాలుగడుగులు తవ్వితే నీళ్లు. కొండ అన్నది లేదు, రాయీ కంకరా గోదావరి దాటి లారీల మీద రావాలి. ముందు స్థలం మెరక చెయ్యాలి. ఆ మెరక ఖర్చు మా కాగితం మీద ఎక్కడా లేదు.

"అమ్మగారూ, పోసిన మట్టి ఓ వానాకాలం తాగాలండీ. లేపోతే గోడలు బీటలిస్తాయండీ" అన్నాడు తాపీమేస్త్రి. అంటే ఇంకో ఏడాది అద్దె. ఆ రాత్రి మావారూ నేనూ మాట్లాడుకోలేదు. పొద్దున్నే నా చంద్రహారం తీసి ఆయన చేతిలో పెట్టాను. తాకట్టు డబ్బుతో మట్టి తోలించాం. వానలు వెళ్లాక చూస్తే మట్టి జానెడు కుంగింది. మేస్త్రి మాట వినకపోతే ఆ జానెడూ గోడల్లో కనబడేది.

అలా చేసినా అడ్వాన్సు మొదటి సగం బేస్‌మెంట్‌కే చాలా వరకు అయిపోయింది. అందుకని ఇంటి ప్లాను మళ్లీ గీయించాం. కారు లేనప్పుడు పోర్టికో ఎందుకని తీసేశాను. రెండో స్నానాలగది పోయింది. వంటింటి గట్టుకు గ్రానైటు బదులు కడప రాయి. సెప్టిక్ ట్యాంకు మాత్రం మెరక మీదే, నూతికి దూరంగా కట్టించాం. అక్కడ పొదుపు చేస్తే వానాకాలంలో పొంగుతుంది. పెంకులు ముచ్చటే గాని, ఆ మామ్మగారి మాట విన్నాక శ్లాబే వేయించాం.

ఇల్లు పూర్తయ్యాక బీమా చేయించాలన్నదీ నిబంధనే. అగ్ని, వరద, పిడుగు, మూడింటికీ. ఆ కాగితంలో వరద మాట నేను రెండుసార్లు చదివాను.

గృహప్రవేశం నాడు అత్తయ్యగారు మెట్లెక్కుతూ "ఏడు పెట్టించావేమే, నా మోకాళ్లు!" అని విసుక్కున్నారు. పోర్టికో తీసేసిన చోట నేను పట్టుబట్టి కట్టించిన చిన్న అరుగు మీద కూర్చుని, కాఫీ అక్కడికే తెమ్మన్నారు. హారం ఇంకా తాకట్టులోనే ఉంది. వచ్చే ఏడాదికి విడిపిస్తామంటున్నారు మావారు.