బిళ్ల మీద బుల్లి నక్షత్రం

మీ దగ్గర పది రూపాయల బిళ్ల ఉంటే ఓసారి తిప్పి చూడండి. సంవత్సరం కింద బుల్లి నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్‌ది. చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబై. ఏమీ లేకపోతే కోల్‌కతా.

మన టంకశాల మా కాప్రాకి దగ్గర్లోనే, చర్లపల్లిలో ఉంది. 1803లో సికందర్ జా కాలంలో సుల్తాన్‌షాహీలో మొదలైంది. 1903లో సైఫాబాద్‌కి మారింది. చార్మినార్ బొమ్మతో నిజాం రూపాయలు కొట్టింది అక్కడే. చర్లపల్లికి వచ్చింది 1997లో.

నాణెం కొట్టడం సగం పనే. లోహం చెప్పినంత స్వచ్ఛంగా ఉందా అని తేల్చే మనిషి వేరే ఉంటాడు, అస్సేయర్. మన కంసాలి గీటురాయి మీద గీసి వన్నె చూస్తాడే, అదే పని. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాబట్టి ఆ పనంటే నాకు కాస్త అభిమానం.

అమెరికాలో ఎఫ్రయిమ్ బ్రాషర్ అని ఒక కంసాలి ఉండేవాడు. న్యూయార్క్‌లో జార్జ్ వాషింగ్టన్‌కి ఇరుగుపొరుగు. అప్పటికి ఆ దేశానికి టంకశాల లేదు, అది 1792లో వచ్చింది. బజార్లో అన్ని దేశాల బంగారు నాణేలూ తిరిగేవి. కొన్నిటి అంచులు ఎవరో గీకేసి ఉండేవి. బ్రాషర్ వాటిని తూచి, పరీక్షించి ‘ఈబీ’ అని తన ముద్ర గుద్దేవాడు. జనం ఆ రెండక్షరాలు చూసి తీసుకునేవాళ్లు. 1787లో ఆయన సొంతంగా కొట్టిన ఒక నాణెం 2021 వేలంలో 93 లక్షల డాలర్లు దాటింది!

ఇక్కడ చూస్తే ప్రభుత్వ ముద్ర ఉన్న బిళ్లనే వద్దంటున్నారు. మా వీధిలో ఆకుకూరలమ్మే అవ్వ దగ్గర డబ్బా నిండా పది బిళ్లలే. అందరూ ఆమెకి అంటగడతారు, మార్కెట్లో ఆమె దగ్గర మాత్రం ఎవరూ తీసుకోరు. “నడుస్తలేవు బిడ్డా” అంది. డిజైన్లు మారేసరికి, రూపాయి గుర్తు కొన్నిటి మీద ఉండి కొన్నిటి మీద లేకపోయేసరికి పుట్టిన పుకారు ఇది. మొత్తం 14 డిజైన్లూ చెల్లుతాయని 2018 జనవరిలోనే ఆర్బీఐ చెప్పింది. ఫోన్‌లో అదే చూపించా.

“వాళ్లొచ్చి నా దగ్గర గోంగూర కొంటరా?”

క్యూఆర్ కోడ్ ఉంది, కానీ అది కొడుకు నంబర్. ఆ డబ్బు ఆమె చేతికి రాదు. ఆమెకి మిగిలేది ఈ డబ్బానే.

43 బిళ్లలు తీసుకుని నోట్లిచ్చా. పన్నెండింటి మీద నక్షత్రం ఉంది. వాటిని పట్టుకుని కిరాణా కొట్లకి వెళ్లా. రెండు చోట్ల వద్దన్నారు. మూడో కొట్టులో పెద్దాయన ఒక్కో బిళ్లనీ గాజు కౌంటర్ మీద టంగుమనిపించి, చెవి ఒగ్గి విని, గల్లాలో వేసుకున్నాడు.